పాత బట్టల పెట్టె మన వీధికి రావాలంటే

మహదేవపురలో ఐటీపీఎల్ రోడ్డు పక్క అపార్ట్‌మెంట్లకు పనికి పోయే మన ఆడవాళ్ళకు ఆ పెట్టె కొత్త కాదు. గేటు లోపల సెక్యూరిటీ గది పక్కన నీడలో నిలబెట్టి ఉంటుంది. మనిషి ఎత్తు ఇనుప పెట్టె, పైన పోస్టు డబ్బాకు ఉన్నట్టు ఒక నోరు, కింద తాళం. పాత బట్టలు ఇందులో వేయమని ఇంగ్లీషులోనూ కన్నడంలోనూ రాసి ఉంటుంది.

పోయిన నెల చీటీ పాట రోజున మా వఠారంలో ఒక అక్క అడిగింది: "అట్లాంటిది మనమూ ఒకటి పెట్టించుకుంటే ఏం?"

కొందరు నవ్వినారు. "పారేసేంత బట్టలు మన దగ్గర ఏడున్నాయి?" అన్నారు. ఇంకొకామె నవ్వలేదు. "ఒకసారి పెట్టించుకుని పడినాం కదా, చాలదా?" అంది. రెండు మాటల్లోనూ నిజం ఉంది.

పారేసేంత బట్టలు లేవన్నది మా అమ్మ కాలానికి పూర్తిగా నిజం. అప్పుడు చీరకు చావు లేదు. కట్టినంత కాలం కట్టి, అంచు చినిగితే లంగా కుట్టేవాళ్ళు. పురుడొస్తే ఉయ్యాల కట్టేవాళ్ళు. నాలుగు చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి బొంత కుట్టేవాళ్ళు. బొంత కూడా చినిగితే పొయ్యి దగ్గర మసిగుడ్డ, ఆఖరికి గడప ముందు కాళ్ళు తుడుచుకునే పట్టా. ఏదీ పనికిరాకుండా మిగిలితే స్టీలు సామాన్ల ఆమె గంప దించేది, రెండు పాత ప్యాంట్లకు ఒక గిన్నె. వీధిలో అంతకంటే పెద్ద రీసైక్లింగ్ కంపెనీ లేదు.

ఇప్పుడు మీ ఇంట్లోనే సజ్జ మీదికి చూడండి. బియ్యం సంచిలో కుక్కి పెట్టిన లెగ్గింగులు, టీషర్టులు, పిల్లల పాత యూనిఫారాలు, సాగిపోయిన నైటీలు కనబడతాయి. మనకు డబ్బు ఎక్కువై కాదు, బట్ట మారిపోయింది. పాలిస్టర్ నీళ్ళు పీల్చదు కాబట్టి మసిగుడ్డకు పనికిరాదు. వేడి గిన్నె పట్టుకుంటే కరిగి చేతికి అంటుకుంటుంది. జారే గుడ్డతో బొంత కుడితే రాత్రంతా ఒంటి మీద నిలవదు. సంతలో చవగ్గా దొరికిన టీషర్టు నాలుగు ఉతుకులకు రూపం మారిపోతుంది. గార్మెంట్స్‌లో రోజంతా మనమే కుడతాం, అదే రకం గుడ్డ మన సజ్జ మీద పేరుకుంటోంది.

దసరాకు సజ్జ దులిపినప్పుడు ఆ సంచి చాలా ఇళ్ళలో ఆటో టిప్పర్లోకే పోతుంది. ఒట్టిదిగా పోయినా కొంత నయం, తడి కసువుతో కలిసిపోతే దానికి ఇక గతి లేదు. మన తూర్పు తాలూకాలోనే ఉన్న మండూరు సంగతి మరిచిపోయేది కాదు. ఏండ్ల తరబడి నగరం కసువంతా లారీల్లో అక్కడికి పోయింది. నీళ్ళు చెడి, వాసన పట్టలేక ఊరివాళ్ళు రోడ్డెక్కితే 2014 చివర్లో గానీ లారీలు ఆగలేదు. తడి వేరు, పొడి వేరు, శానిటరీది వేరు అనే రెండు డబ్బాలు, ఒక సంచి పద్ధతి హైకోర్టు ఆదేశంతో 2015లో వచ్చింది. పొడి చెత్త సేకరణ కేంద్రాలు వచ్చినాయి. చెత్త ఏరుకునేవాళ్ళకు కార్పొరేషన్ గుర్తింపు కార్డులు ఇచ్చింది. ఆ కార్డుల కోసం, ఆ కేంద్రాల్లో వాళ్ళకు పని కోసం గట్టిగా నిలబడిన సంస్థల్లో హసిరు దళ ఒకటి.

అయితే పొడి చెత్త కేంద్రంలో కూడా బట్ట అంటే చిన్నచూపే. అట్టకు రేటుంది, బాటిలుకు రేటుంది. తడిసి మురికైన గుడ్డను ఎవరు కొంటారు? దేనికీ పనికిరానిదాన్ని ప్లాస్టిక్ కవర్లతో కలిపి సిమెంటు ఫ్యాక్టరీ కొలిమికి పంపుతారు. మనం కుట్టిన చొక్కా అట్ల బొగ్గుకు బదులు కాలుతుంది. 2022లో వచ్చిన ఒక అధ్యయనం మన దేశంలో ఏటా తేలే బట్టల వ్యర్థం దాదాపు 78 లక్షల టన్నులని లెక్క కట్టింది. అందులో సగం ఇళ్ళలో వాడి వదిలేసిందే. మిగతాదాంట్లో ఎక్కువ భాగం మిల్లుల్లో, గార్మెంట్స్‌లో మిగిలే నూలు, కటింగ్ ముక్కలు. ఫ్యాక్టరీ ముక్కలు శుభ్రంగా ఉంటాయి, వాటిని కొనే కాంట్రాక్టరు గేటు దగ్గరే ఉంటాడు. ఇంటి గుడ్డకే దిక్కు లేదు. పెట్టె కావాలనేది దానికే.

ఇక పెట్టించుకుని పడినామన్న రెండో మాట. నాలుగేళ్ళ కింద మా వీధి మలుపులో ఒక పెట్టె వెలిసింది. పెట్టినవాళ్ళ పేరు ఇక్కడ రాయను. రిబ్బను కట్టి, ఫొటోలు తీసుకుని పోయినారు. మొదటి నెల వచ్చి ఖాళీ చేసినారు, రెండో నెల రాలేదు. పెట్టె నిండినాక జనం సంచులు కిందనే పెట్టడం మొదలుపెట్టినారు. కుక్కలు లాగినాయి. ఒకరు దిండు పడేస్తే ఇంకొకరు చెప్పులు, మూడోవాళ్ళు ఏకంగా పాత పరుపు. పైకప్పు లేదు, వాన నీళ్ళు నోట్లోంచి దిగి లోపలంతా బూజు పట్టింది. పెట్టె మీది నంబరుకు ఫోన్ చేస్తే రింగవుతుంది, ఎత్తరు. ఆఖరికి మన పౌరకార్మికులే ముక్కుకు గుడ్డ కట్టుకుని అంతా తోడి లారీకి ఎత్తినారు. ఎవరో ఉతికి మడత పెట్టి ఇచ్చిన చీరలు కూడా ఆ ముద్దలోనే పోయినాయి. మూడు ఆదివారాలు మా మలుపులో ముగ్గు వేయడానికి ఎవరూ ముందుకు రాలేదు.

ఒక్క తడి సంచి చాలు, పెట్టెడు గుడ్డలు పాడవడానికి. మిల్లులో పని చేసిన పెద్దవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. బేళ్ళను వానకు వదిలేస్తే ఏమవుతుందో వాళ్ళకు తెలుసు.

సరిగా నడిచే పెట్టెలో పడిన గుడ్డ ముందు ఏరేవాళ్ళ బల్ల మీదికి పోతుంది. కట్టుకోదగ్గవి ఒక పక్క. నూలు గుడ్డలైతే కోసి గ్యారేజీల్లో, ప్రెస్సుల్లో నూనె తుడిచే గుడ్డలవుతాయి. ఉన్ని, మందపాటివి హర్యానాలోని పానిపట్టు దారి పడతాయి. అక్కడ ఆడవాళ్ళు జిప్పులు, గుండీలు కోసి తీసేసి రంగుల వారీగా కుప్పలు పోస్తారు. ఎర్రవన్నీ ఒక చోట, నీలివన్నీ ఒక చోట. అట్ల చేస్తే మళ్ళీ రంగు వేసే పని తప్పుతుంది. తర్వాత యంత్రం గుడ్డను చీల్చి పింజ చేస్తుంది, దాన్నే వడికి దుప్పట్లు నేస్తారు. షాడీ దుప్పట్లంటారు వాటిని. వరదలొచ్చినప్పుడు, చలికాలంలో పంచే చవక దుప్పట్లు చాలావరకు ఇవే. కానీ చీల్చినప్పుడల్లా పింజ పొట్టిదవుతుంది, సన్న నూలు రాదు. ఒక చొక్కా మళ్ళీ చొక్కా కావడం చాలా అరుదు. పాలిస్టరూ నూలూ కలిసిన గుడ్డ అయితే విడదీయడమే పెద్ద కష్టం. పెట్టె మీద ఆకుపచ్చ బాణం గుర్తులు చూసి అంతా కొత్త బట్టగా మారిపోతుందని అనుకుంటే మోసపోతాం.

కట్టుకోదగ్గవి ఎవరికి పోతాయన్నది ఇంకో పెద్ద సంగతి. 2022 సెప్టెంబరు వానలకు మన జోన్ మునిగినప్పుడు చూసినాం. టీవీలన్నీ పడవల మీద పోయే విల్లాల వాళ్ళను చూపించినాయి, పక్కనే షెడ్లలో మన కూలీల ఇళ్ళూ మునిగినాయి. సాయమని సంచులు వచ్చినాయి. తెరిస్తే గుండీలు లేని చొక్కాలు, పార్టీ గౌన్లు, ఒంటి కాలు మేజోళ్ళు. తడిసిన చీరతో నిలబడిన ఆడమనిషి ఆ కుప్పలో చెయ్యి పెట్టి వెతకడానికి సిగ్గుపడింది. నేను అక్కడే ఉన్నాను, నాకూ సిగ్గేసింది. 2004 సునామీ తర్వాత తమిళనాడులోనూ ఇట్లానే రోడ్ల పక్కన బట్టల కుప్పలు పడి ఉండినాయి. ఆ కుప్పలను ఏరి పనికొచ్చేట్టు చేసిన సంస్థల్లో గూంజ్ ఉంది. 1999లో ఢిల్లీలో అన్షు గుప్తా మొదలుపెట్టినారు, 2015లో మెగసెసే అవార్డు వచ్చింది. వాళ్ళ పద్ధతి నాకు నచ్చుతుంది. ఊళ్ళో జనం కలిసి చెరువు పూడిక తీస్తారు, బావి తవ్వుతారు, ఆ పనికి బదులుగా బట్టలు తీసుకుంటారు. దానం అనే మాట అక్కడ రాదు. పాత నూలు గుడ్డలతో నెలసరి ప్యాడ్లు కుట్టించడం కూడా వాళ్ళు పెద్ద ఎత్తున చేసినారు.

దేశం దాటి పోయే గుడ్డ కథ వేరు. అమెరికా, యూరప్ పెట్టెల్లో పడినవి బేళ్ళు కట్టి ఆఫ్రికాకు అమ్ముతారు. ఘనాలో ఆక్రా నగరపు కాంటమాంటో సంతకు వారానికి కోటిన్నర బట్టలు దిగుతాయని అక్కడ పని చేసే సంస్థ లెక్క. అమ్ముడు పోనివి కాలువల్లోకి, సముద్రం ఒడ్డుకు చేరతాయి. అక్కడ వాళ్ళ పెట్టె ఖాళీ అయింది, ఇక్కడ వీళ్ళ వీధి నిండింది.

అందుకే ఈసారి పెట్టె ఇస్తామన్నవాళ్ళతో ముందు కూర్చుని మాట్లాడాలని మా వఠారంలో అనుకున్నాం. ఎన్ని రోజులకొకసారి ఖాళీ చేస్తారు, రాకపోతే ఎవరిని అడగాలి? ఈ రెండింటికీ మనిషి పేరుతో, కాగితం మీద జవాబు కావాలి. గుడ్డ ఎక్కడికి పోతుందో చెప్పాలి. కిలోల లెక్కన అమ్ముకుంటే తప్పేం లేదు, ఖాళీ చేసే బండికి డీజిలు ఊరికే రాదు, కానీ ఆ మాట దాచకూడదు. పాత బట్ట వేస్తే కొత్త బట్టకు కూపన్ ఇచ్చే షోరూం పెట్టె అయితే మాకు అక్కర్లేదు. ఒకటి తీసుకుని రెండు కొనిపించే బేరం అది.

చోటు గురించి మాత్రం గట్టిగానే వాదులాడుకున్నాం. రోడ్డు మీదనో ఫుట్‌పాత్ మీదనో పెట్టాలంటే కార్పొరేషన్ అనుమతి కావాలి. 2025 సెప్టెంబరు నుంచి మనం బెంగళూరు తూర్పు నగర కార్పొరేషన్ కిందికి వచ్చినాం కాబట్టి అర్జీ అక్కడికే పోవాలి. అదంతా ఎందుకని ఓనరును అడిగితే మెట్ల కింద చోటు ఇస్తానన్నాడు. పైన కప్పుంది, వాన తగలదు, రాత్రి లైటుంది. పెట్టె నోరు దిండు పట్టనంత చిన్నదిగా ఉండాలని కుర్రాళ్ళు అన్నారు. ఆ మాట బాగుంది. ఉతికి ఆరబెట్టిన గుడ్డలే, మూట కట్టి వేయాలి. లోదుస్తులు, చెప్పులు, పరుపులు వద్దు. ఇది తెలుగు, కన్నడం, తమిళం, హిందీ నాలుగింట్లోనూ రాయించాలి, కింద గదుల్లో ఒడిశా పిల్లలు ఉన్నారు. తాళం చెవి ఒకటి పెట్టె పెట్టినవాళ్ళ దగ్గర, ఒకటి మన దగ్గర ఉండాలి. వాళ్ళు రాకపోయినా లోపల ఏముందో మనం చూసుకోవచ్చు.

అంతా అయినాక స్టీలు సామాన్ల ఆమె గుర్తొచ్చింది. ఇప్పటికీ నెలకొకసారి వస్తుంది, ఈ మధ్య స్టీలు తగ్గించి ప్లాస్టిక్ టబ్బులు తెస్తోంది. పెట్టె సంగతి చెప్పి అడిగితే ఆమె గంప దించి నడుము పట్టుకుని అంది: "ప్యాంట్లు, పట్టు అంచు చీరలు పెట్టెలో వేసేస్తే నాకేం మిగుల్తుందమ్మా? చినిగిన లెగ్గింగులు నేనేం చేసుకోను?"

చీటీ అక్క కాసేపు ఆలోచించింది. ఆమె వచ్చే వారం పెట్టె తెరిచేది లేదని, ముందు ఆమె గంపకు చూపించినాకే మిగతావి మెట్ల కిందికి పోవాలని అంది. మీటింగు పుస్తకంలో ఆ మాట కూడా రాసుకున్నాం. ఆమె ఆ రోజు ఎవరి దగ్గరా ఎక్కువ బేరం ఆడలేదు, మూడు ప్యాంట్లకు ఒక టబ్బు ఇచ్చి పోయింది.