మోకాలు పట్టు తప్పితే మూల కూర్చోవాలా?

వైద్య సహాయం కోరుతూ మా సంఘానికి వచ్చేవారిలో మోకాళ్ల నొప్పులతో బాధపడేవారు ఏటా ఉంటారు. రోజంతా బాసింపట్టు వేసుకుని బీడీలు చుట్టే తల్లులు, కుట్టు మిషను తొక్కే దర్జీలు, మార్కెట్లో మూటలు మోసే హమాలీలు. వారు చెప్పే మాట దాదాపు ఒకటే: “డాక్టరు నడవమన్నారని మొదలుపెట్టాం. నొప్పి పుట్టింది. మెట్లు దిగుతుంటే మోకాలు ఉన్నట్టుండి వంగిపోతోంది. పడిపోతామన్న భయంతో మానేశాం.”

భయం సహజమే. కానీ పూర్తిగా మానేస్తేనే మోకాలు ఇంకా బలహీనపడుతుంది.

మోకాలిని నాలుగు ముఖ్యమైన స్నాయువులు తాళ్లలా పట్టి ఉంచుతాయి. నడిచేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు మన బరువును ఆపేది మాత్రం ఎక్కువగా తొడ ముందు భాగంలోని పెద్ద కండరం. మోకాలిలో నొప్పి, వాపు ఉంటే ఆ కండరం పూర్తి శక్తితో పనిచేయదు. అందుకే కాలు పట్టు తప్పుతుంది. పట్టు తప్పుతుందని కూర్చుండిపోతే కండరం మరింత సన్నబడుతుంది.

దీనికి విరుగుడు మెల్లగా, క్రమంగా చేసే వ్యాయామమే. కాలు చాపి కూర్చుని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని మోకాలితో కిందికి నొక్కి 5 సెకన్లు ఉంచాలి. వెల్లకిలా పడుకుని ఒక కాలు మడిచి, రెండోది వంచకుండా జానెడు ఎత్తు లేపి దించాలి. కాస్త ఎత్తైన కుర్చీని గోడకు ఆనించి, అందులోంచి మెల్లగా లేచి మెల్లగా కూర్చోవాలి. ఒక్కొక్కటి 10 సార్లు. ఇవి అలవాటయ్యాక, గోడ చేతికి అందేలా నిలబడి ఒంటికాలిపై కొద్ది సెకన్లు నిలకడ సాధించాలి.

చేసేటప్పుడు కొద్దిపాటి నొప్పి ఉంటే కంగారు పడనక్కర్లేదు. నొప్పిని 10కి కొలిస్తే 3 దాటకూడదు, మర్నాటికి సర్దుకోవాలి. సర్దుకోకపోయినా, వాపు వచ్చినా వ్యాయామం తగ్గించాలి గాని మానకూడదు. మెట్లు ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు నొప్పి కాలు వేయాలి. చేతికర్ర నొప్పి లేని వైపు చేతిలో ఉండాలి. శరీర బరువు ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులో మోకాలిపై సుమారు 4 కిలోల భారం తగ్గుతుంది.

కొన్ని లక్షణాలు కనిపిస్తే మాత్రం సొంత వైద్యం వద్దు. కాలు మెలిపడి కొద్ది గంటల్లోనే మోకాలు వాచినా, మోకాలు వంగకుండా చాచకుండా బిగుసుకుపోయినా, పదేపదే పట్టు తప్పుతున్నా, కాలిపై బరువు మోపలేకపోయినా వెంటనే డాక్టరుకు చూపించాలి. జ్వరంతో పాటు మోకాలు ఎర్రబడి వేడిగా ఉంటే ఒక్క రోజు కూడా ఆగకూడదు. స్నాయువు తెగినా, కీలులో చీము పట్టినా ఇంటి వ్యాయామంతో నయం కాదు.

నమాజు గురించి చాలామంది అడుగుతారు. రుకూ, సజ్దా చేయలేని వ్యాధిగ్రస్తులకు కూర్చుని నమాజు చేసుకునే వెసులుబాటును ధర్మమే ఇచ్చింది. దాన్ని వాడుకోవడానికి సిగ్గుపడనక్కర్లేదు. అయితే నమాజుకు కుర్చీ వేసుకున్నాం కదా అని మిగతా రోజంతా కుర్చీకే అంటిపెట్టుకుంటే కాలు ఇంకా బలహీనమవుతుంది. వ్యాయామం కొనసాగిస్తే, కొందరికైనా మళ్లీ నిలబడి నమాజు చేసుకునే బలం వస్తుంది.

దాతలకు ఒక మనవి. ఆపరేషనుకు సాయం అడిగితే మీ చేయి వెంటనే ముందుకొస్తుంది. అల్లాహ్ మీకు మేలు చేయుగాక. కీలు పూర్తిగా అరిగిన వారికి ఆపరేషను అవసరమే. అయితే ఆపరేషను చేయించుకున్నా వ్యాయామం తప్పదు. ఇంకా ఆ దశకు చేరని వారికి కావలసింది ఫిజియోథెరపిస్టు దగ్గర సరిగ్గా నేర్చుకుని, వారాల తరబడి సాధన చేయడం. కండరం బలపడటానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. రెండుసార్లు వెళ్లాక బీడీ కార్మికురాలు ఎందుకు మానేస్తుంది? బద్ధకంతో కాదు. ఆటో చార్జీ లేక, ఆ పూట కూలి పోతుందని. ఆ చార్జీ, ఆ పూట కూలి మనం భరిస్తే ఆమె మానదు.

ఇలాంటి సాయానికి ఫొటో ఉండదు, శిలాఫలకం ఉండదు. ఒక తల్లి మాత్రం ఎవరి ఆసరా లేకుండా మెట్లు దిగుతుంది. మీరిచ్చే సదఖాలో కొంత భాగం ఈ పనికి కేటాయించాలని కోరుతున్నాం. అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక. ఆమీన్.