మురికివాడలో కొత్త కాపురం
కోబే రేవు పేటలో కగావా దంపతుల పదేళ్ల సేవ

జపాను దేశంలో కోబే పెద్ద ఓడరేవు పట్టణం. వందేళ్ల క్రితమే అక్కడ ఓడలు కట్టే కర్మాగారాలు, అగ్గిపెట్టెల కార్ఖానాలు వెలిశాయి. పల్లెల్లో బతుకు గడవక వేలాది మంది పని వెతుక్కుంటూ అక్కడికి చేరారు. వచ్చినవారందరికీ పని దొరకలేదు. దొరకనివారు, దొరికినా కూలి చాలనివారు చేరిన పేట పేరు షింకవా.

జపానువారు గది కొలతను చాపల లెక్కన చెబుతారు. ఒక చాప ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. షింకవాలో చాలా కుటుంబాలకు రెండు, మూడు చాపల గదే ఇల్లు. వంట, పడక, పురుడు, చావు అన్నీ అందులోనే. నీళ్ల కుళాయి పది ఇళ్లకు ఉమ్మడి, మరుగుదొడ్డీ ఉమ్మడే. క్షయ, కండ్లకలక, గజ్జి లేని ఇల్లు అరుదు.

1909 డిసెంబరు 24న, క్రిస్మస్ ముందురోజున, 21 ఏళ్ల యువకుడు ఒకరు ఈ పేటలో ఇల్లు అద్దెకు తీసుకున్నారు. ఆయన పేరు తొయోహికో కగావా. క్రైస్తవ మత విద్యార్థి. ఆ ఇంట్లో హత్య జరిగిందని, దయ్యం తిరుగుతున్నదని పేటవాసులు చెప్పుకునేవారు. అందుకే అద్దె చవక.

కలిగిన ఇంటి బిడ్డే

కగావా పేదింట పుట్టినవారు కాదు. తండ్రి వ్యాపారి, రాజకీయాల్లో పలుకుబడి ఉన్నవారు. తల్లి మాత్రం ఆ ఇంటి ఇల్లాలు కాదు, నాట్యగత్తె. కగావాకు ఐదేళ్లు నిండకముందే ఇద్దరూ చనిపోయారు. పెద్ద భార్య ఇంట్లో పెరిగిన ఆ పిల్లవానికి ఆస్తి నీడ ఉన్నది గాని ఆదరణ లేకపోయింది. ఇంగ్లీషు నేర్చుకోవడానికి వెళ్లిన చోట అమెరికా మిషనరీ కుటుంబాలు ఆయనను దగ్గరకు తీశాయి. 1904లో బాప్తిస్మం తీసుకున్నారు. తరువాత క్షయ సోకి, చావు అంచుదాకా వెళ్లి వచ్చారు. ఎంతకాలం బతుకుతానో తెలియదు గనుక మిగిలిన రోజులు పేదల మధ్యే గడపాలని నిశ్చయించుకున్నారు.

షింకవాలో ఆయన ఇంటికి అడిగినవారల్లా వచ్చి చేరారు. ఒకరికి ఒళ్లంతా గజ్జి. ఒకరికి ఉండే చోటు లేదు. హత్య చేసి శిక్ష అనుభవించి వచ్చిన మరొకరు రాత్రిళ్లు భయంతో నిద్రపోలేక కగావా చేయి పట్టుకుని పడుకునేవారట. ఒకరికి సరిపోయే బియ్యం గంజి కాచుకుని అందరూ పంచుకునేవారు. తాగివచ్చి డబ్బుకోసం బెదిరించే రౌడీలూ ఉండేవారు. ఒకసారి అలాంటి దెబ్బకు కగావా ముందు పళ్లు ఊడిపోయాయి.

ఆ పేటలో ఇంకా ఘోరమైన వ్యాపారం ఒకటుండేది. అక్కరలేని పసిబిడ్డలను కొంత సొమ్ముతో సహా పెంపకానికి తీసుకుని, పాలు పట్టకుండా చావనిచ్చేవారు. అలా చావు బతుకుల మధ్య ఉన్న ఒక పసిపాపను కగావా పోలీసు స్టేషను నుంచి తెచ్చుకుని, తానే పాలు పట్టి సాకారు.

వచ్చిన ఇల్లాలు

కోబేలోని ఒక అచ్చు కార్ఖానాలో పుస్తకాలు కుట్టే ఆడపిల్లల మీద అజమాయిషీ చేసే ఉద్యోగి హరు. కగావా అక్కడికి ప్రసంగాలు చేయడానికి వెళ్లేవారు. ఆ మాటలు విని ఆమె సెలవు వేళల్లో షింకవాకు వచ్చి రోగులను చూడడం మొదలుపెట్టారు. ఇద్దరూ 1888లో పుట్టినవారే. హరుయే నాలుగు నెలలు పెద్ద. 1913 మే నెలలో వారి పెళ్లి జరిగింది.

పెళ్లి విందుకు పేటవాసులే చుట్టాలు. పెళ్లికొడుకు లేచి, మీ అందరికీ పనిచేసిపెట్టే మనిషిని తెచ్చుకున్నాను, ఇంట్లో జబ్బు చేసినా, పురుడు వచ్చినా పిలవండి అన్న అర్థంలో చెప్పారని అంటారు. ఏ కొత్త కోడలికైనా ఆ మాట చేదుగా తోచవచ్చు. హరుకు అది కొత్త కాదు. అప్పటికే ఆమె చేస్తున్న పని అదే.

కొత్త దంపతులకు విడిగా ఒక గది లేదు. ఇంట్లో ముసలివారు, రోగులు, దిక్కులేనివారు ఉండనే ఉన్నారు. రోగుల బట్టలు ఉతకడం, పుండ్లు కడగడం, ఇంటిల్లిపాదికి వండటం హరు పని అయింది. తెల్లవారుజామున, పేట లేవకముందు, భర్త ఆమెకు పాఠాలు చెప్పేవారు. పగలంతా ఊరికి చెందిన ఆ దంపతులకు తమకంటూ మిగిలింది ఆ కాసేపే.

1914లో కగావా పై చదువులకు అమెరికాలోని ప్రిన్స్‌టన్‌కు వెళ్లారు. ఆయన రాకకోసం హరు ఊరికే ఎదురుచూస్తూ కూర్చోలేదు. యొకొహామాలో స్త్రీల వేదపాఠశాలలో చేరి మూడేళ్లు చదువుకున్నారు. షింకవాలో పని ఆగిపోకుండా చూసుకున్నది ఆ పేట మనుషుల మధ్య పెరిగిన కుర్రవాడే. అతని పేరు మసారు తకెఉచి. జీవితాంతం అతను ఆ సేవలోనే ఉండిపోయాడు. ఒక కుర్రవాడు చేతికందివచ్చి తమ బరువు తాను మోయడం కంటె ఆ దంపతులకు పెద్ద సంతోషం ఏముంటుంది?

కన్ను పోయింది

1917లో ఇద్దరూ తిరిగి పేటకే వచ్చారు. ఉచిత వైద్యశాల తెరిచారు. హరు చెల్లెలు వైద్యం చదివి వచ్చి అక్కడ రోగులను చూశారు.

ఆ పేటలో అందరినీ పట్టి పీడించే కండ్లజబ్బు ట్రకోమా. రోగి ముఖం తుడిచిన గుడ్డ ద్వారా, చేతుల ద్వారా, ఈగల ద్వారా పాకుతుంది. పదేపదే సోకితే రెప్ప లోపలికి ముడుచుకుపోయి, వెంట్రుకలు నల్లగుడ్డును గీరి చూపు పోగొడతాయి. ఇరుకు ఇంట్లో, నీటి కరువులో దాన్ని ఆపడం కష్టం. కగావా కళ్లు ఆ జబ్బుతో జీవితమంతా బాధపెట్టాయి. హరుకు ఒక కంటి చూపే పోయింది. ఆమె అక్కడినుంచి వెళ్లిపోలేదు. పైగా పేట బతుకు మీద 1920లో ఒక పుస్తకం రాశారు. 1921లో పనిచేసే స్త్రీలకోసం ఒక సంఘం స్థాపించడంలో ముందు నిలిచారు.

పెళ్లయిన తొమ్మిదేళ్లకు, 1922 చివర, వారికి తొలి బిడ్డ కలిగాడు. తాము రోగాన్ని ఓర్చుకోవడం వేరు, కన్నబిడ్డను దాని మధ్య పెంచడం వేరు. పేదల మధ్య కాపురం పెట్టిన ప్రతి తల్లికీ తప్పని దిగులు ఇది. 1923 సెప్టెంబరు 1న టోక్యో ప్రాంతాన్ని మహా భూకంపం కూల్చివేసింది. బాధితుల సహాయానికి కగావా వెళ్లారు. ఆ ఏడే కుటుంబం కూడా షింకవా వదిలి అక్కడికి మారింది. తరువాత ఇద్దరు కూతుళ్లు పుట్టారు.

గంజి పోస్తే చాలదు

ఎంత గంజి పోసినా మర్నాటికి మళ్లీ అంతమంది ఆకలితో వాకిట నిలబడతారు. పదేళ్ల కాపురంలో ఆ దంపతులు నేర్చుకున్న పెద్ద పాఠం ఇది. జబ్బుకు మూలం కూలి తక్కువ, అద్దె ఎక్కువ, సరుకుల ధర ఎక్కువ. 1918 ఆగస్టులో బియ్యం ధర మండిపోయి జపాను అంతటా అల్లర్లు చెలరేగాయి. కోబేలో బియ్యం దాచారన్న అనుమానంతో ఒక పెద్ద వర్తక సంస్థ భవనాన్నే జనం తగలబెట్టారు.

1920లో కగావా తన అనుభవాలతో రాసిన నవల లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. ఆ డబ్బుతో ఆయన మేడ కట్టలేదు. సంఘాలకు, సేవకు ఖర్చు పెట్టారు. 1921లో కోబే ఓడల కర్మాగారాల్లో దాదాపు 30 వేల మంది సమ్మె చేస్తే ముందు నడిచి జైలుకు వెళ్లారు. అదే ఏడు కోబేలో వినియోగదారుల సహకార సంఘం మొదలైంది. మరుసటి ఏడు కౌలు రైతులకోసం రైతు సంఘం పుట్టింది. మురికివాడకు జనం వచ్చేది పల్లెలో బతకలేకనే కదా! అందుకే పేటలో మొదలైన పని చివరకు పల్లెకు చేరింది.

మచ్చ లేని మనిషి కారు

కగావా మీద గట్టి విమర్శ ఒకటి ఉన్నది. మన దేశంలో అంటరానితనం వలె జపానులోనూ పుట్టుకను బట్టి వెలివేసిన వర్గం ఉండేది. షింకవాలో వారూ ఉన్నారు. 1915లో ప్రచురించిన గ్రంథంలో ఆ వర్గం పుట్టుక గురించి కగావా కించపరిచే రాతలు రాశారు. ఆ వర్గంవారు తరువాతి కాలంలో దానిని తీవ్రంగా నిరసించారు. పక్కన పడుకుని, గంజి పంచుకుని కూడా మనసులోని పాత తలపులు తుడిచేసుకోవడం ఎంత కష్టమో దీనివల్ల తెలుస్తుంది.

1938 డిసెంబరులో మద్రాసు దగ్గర తాంబరంలో అంతర్జాతీయ మిషనరీ మహాసభ జరిగింది. దోర్నకల్ బిషప్ అజరయ్య పాల్గొన్న ఆ సభకు కగావా కూడా వచ్చారు. 1939 జనవరిలో బార్డోలీలో గాంధీజీని కలుసుకున్నారు. చైనా మీద జపాను చేస్తున్న యుద్ధం గురించి గాంధీజీ ఆయనను సూటిగా అడిగారు. మరుసటి ఏడు యుద్ధ వ్యతిరేకి అన్న నెపంతో స్వదేశంలోనే కగావాను నిర్బంధించారు.

కగావా 1960లో కన్నుమూశారు. ఆ తరువాత 22 ఏళ్లు హరు ఆయన పనిని కనిపెట్టుకుని ఉండి, 1982లో 94వ ఏట మరణించారు. ఊరూరా కగావా పేరే వినిపించింది గాని, ఆయన ప్రసంగాలకూ జైళ్లకూ తిరుగుతున్నప్పుడు వాకిట నిలిచిన రోగికి తలుపు తీసింది ఆమె.

1921లో కొద్దిమందితో మొదలైన కోబే సహకార సంఘంలో ఇప్పుడు పది లక్షలకు పైగా కుటుంబాలు సభ్యులు. బియ్యం, ఉప్పు, పప్పు సరసమైన ధరకు తెచ్చుకోవడానికి నలుగురు కలవడమే దాని మూలసూత్రం. పాల సంఘం, పరపతి సంఘం నడుపుకునే పల్లెవాసులకు అది కొత్త పాఠం కాదు. అయితే అది పుట్టింది మాత్రం పొలం గట్టున కాదు, రెండు చాపల ఇరుకు గదుల పేటలో.