కష్టకాలంలో మనసుకూ పథ్యం కావాలి

జ్వరం వస్తే పథ్యం చేస్తాం. కడుపు చెడితే గంజి తాగుతాం. మరి కష్టం వచ్చి మనసు చెడితే? అప్పుడు ఏ పథ్యమూ పాటించం. రాత్రంతా అదే ఆలోచన, పొద్దున చాయ్‌తో మళ్లీ అదే ఆలోచన!

మన భివండిలో కష్టాలకు కొదవ లేదు. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయినప్పుడు కూలి ఇవ్వడానికి నగదు దొరకక ఎన్నో సాంచాలు ఆగాయి. 2020 మార్చి చివర లాక్‌డౌన్‌తో ఊరంతా నిశ్శబ్దమైంది. నూలు ధర పెరిగినా, గుడ్డ ధర పడినా ఆ దెబ్బ మన వంటింటికే తగులుతుంది.

లాక్‌డౌన్ తర్వాత ఒక సాంచాల ఆసామి నా దవాఖానాకు వచ్చాడు. కడుపులో మంట, గుండెదడ, నిద్ర లేదు. నబ్జ్ చూసి మందిచ్చాను. రెండు నెలలు మందులు మారుస్తూ పోయానేగాని, "ఇంట్లో ఎలా ఉంది భాయ్?" అని ఒక్కసారీ అడగలేదు. అది నా పొరపాటు. ఒకరోజు ఆయన భార్య వచ్చి, "హకీం సాబ్, అప్పు ఎంతుందో నాకు కూడా చెప్పడం లేదు" అని కంటతడి పెట్టింది. జబ్బు ఎక్కడో ఉంటే నేను కడుపులో వెతుకుతున్నాను!

యూనానీ ఏమంటుంది?

మనిషి ఆరోగ్యానికి ఆరు విషయాలు తప్పనిసరి. వీటినే అస్బాబె సిత్తా జరూరియా అంటారు. గాలి, అన్నపానాలు, శరీర శ్రమ–విశ్రాంతి, మనసు కదలిక–నెమ్మది, నిద్ర–మెలకువ, విసర్జన–నిలుపుదల. చూశారా, మనసు కూడా గాలి, అన్నాల వరుసలోనే ఉంది. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ శరీర ఆరోగ్యాన్నీ, మనో ఆరోగ్యాన్నీ ఒకే గ్రంథంలో వివరించారు. ఇంట్లో ముందుగానే మందు దాచుకున్నట్టు, బాగున్న రోజుల్లోనే మనసుకు ధైర్యమిచ్చే ఆలోచనలు సిద్ధం చేసుకోవాలన్నది ఆయన సలహా.

ఇది మన ఊరు చేసి చూపిన పనే. 1984 అల్లర్లలో భివండి కాలిపోయింది. తర్వాత 1988లో వచ్చిన పోలీసు అధికారి సురేశ్ ఖోపడే మొహల్లా కమిటీలు పెట్టించారు. శాంతిగా ఉన్న రోజుల్లోనే అన్ని మతాలవారూ కలిసి కూర్చోవడం అలవాటైంది. 1992–93లో ముంబయి మండుతుంటే భివండి ప్రశాంతంగా ఉంది. ఊరికి పనిచేసిన మందు ఇంటికి పనిచేయదా?

మనసుకు పథ్యం

1. మంచి ఆలోచన అంటే "అంతా బాగుంది" అని అబద్ధం చెప్పుకోవడం కాదు. అప్పు ఎంత, ఎవరికి, ఎప్పటికి ఇవ్వాలో కాగితం మీద రాయండి. నూలు ధర మన చేతిలో లేదు. గడువు అడగడం మన చేతిలో ఉంది.

2. ఇంట్లో చెప్పండి. దాచిన బాధ నిద్రను తింటుంది.

3. రాత్రి పాళీ వారు పగలు గది చీకటి చేసుకుని రోజూ ఒకే వేళకు పడుకోవాలి. పాళీ చివరి గంటల్లో చాయ్ మానాలి.

4. సాంచాల చప్పుడుకు దూరంగా రోజూ అరగంట నడవండి.

5. మనసుకు ఊరటనిచ్చే మందుగా ఖమీరా గావ్‌జబాన్ ఇవ్వడం మా పెద్దల పద్ధతి. అందులో చక్కెర పాకం ఉంటుంది. షుగర్ ఉన్నవారు అడగకుండా వాడవద్దు. ఏ ఖమీరా కూడా అప్పు తీర్చదని గుర్తుంచుకోండి!

ఒక హెచ్చరిక. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, బతకాలని లేదనే మాట వినిపిస్తే, "నీ ఈమాన్ బలహీనం" అని నిందించకండి. వెంటనే మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. ప్రభుత్వ టెలీ మానస్ ఉచిత నంబరు 14416. ఛాతీలో నొప్పి వస్తే దిగులే అనుకోక ఆసుపత్రికి వెళ్లండి.

ఆ ఆసామి భార్యతో కూర్చుని లెక్క రాశాడు. రెండు సాంచాలు అమ్మి కొంత కట్టాడు, మిగతాదానికి గడువు తీసుకున్నాడు. అప్పు ఇంకా ఉంది, కాని నిద్ర వచ్చింది. కడుపుమంట మందు సగానికి తగ్గించాను. సబర్ అంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదు సుమా!

ఈ రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర మీ ఇంటి పెద్దను ఒక్క మాట అడగండి: "మనసులో ఏముంది?"