యాప్ చేయించుటకు ముందు పడుగు లెక్క



నాగరగెరె మొదలు బాగేపల్లి, చింతామణి వరకు మనవారు కలిసినచోటనెల్ల ఈ మధ్య ఒక మాట వినవచ్చుచున్నది. సంఘము పేర ఫోనులో నడిచే యాప్ ఒకటి చేయించుకొనవలెనని, ఆర్డర్లు, పట్టు, కూలి లెక్కలు అన్నియు అందులోనే చూచుకొనవచ్చునని మన యువకులు చెప్పుచున్నారు. ఆ మాట మంచిదే. మేము దానికి అడ్డు చెప్పము. అయితే సంఘపు నిధి మనందరి కష్టార్జితము. దానిని కంప్యూటరు కంపెనీ చేతిలో పెట్టక మునుపు మనము చేయవలసిన పని ఒకటి కలదు. దానిని గురించియే ఈ నాలుగు మాటలు.

పడుగు ఎక్కించుటకు ముందు మనమేమి చేయుదుము? పన్నా ఎంత, అచ్చు ఏది, అంచుకు ఎన్ని పోగులు, ఒడలికి ఎన్ని పోగులు అని లెక్క వేయుదుము. 48 అంగుళముల పన్నాకు అంగుళమునకు 80 పోగుల చొప్పున 3840 పోగులు కావలెను. ఈ లెక్క తప్పి పడుగు సాగినదా, మగ్గము మీదికి వచ్చిన తరువాత ఎంత ఏడ్చినను పన్నా పెరగదు. పూవు వేయవలెనన్న ముందు గ్రాఫు కాగితము మీద గడి గడికి గుర్తు పెట్టి, ఆ తరువాతనే జాకార్డు అట్టలు కొట్టింతుము. కాగితము మీది తప్పును రబ్బరుతో చెరపవచ్చును. అట్టలో తప్పు పడిన అట్ట మార్చవలెను. చీరలో తప్పు పడిన చీరయే పోవును. ఆలస్యమైన కొలది తప్పు ఖరీదు పెరుగును.

యాప్ సంగతియు అంతే. కంపెనీవారు పని మొదలుపెట్టక మునుపు, అది ఎవరి కొరకు, ఏ పని చేయవలెను, ఏ పని చేయనక్కరలేదు అన్నది కాగితము మీద తేల్చుకొనుటయే దానికి పడుగు లెక్క. ఈ విద్య మనకు పరాయిది కాదు. ఫ్రాన్సులో జాకార్డు 1804లో తన పేరిటి యంత్రమును రూపొందించగా, 1830లలో ఇంగ్లండులో చార్లెస్ బాబేజి తాను తలపెట్టిన గణన యంత్రమునకు ఆజ్ఞలిచ్చుటకు ఆ చిల్లుల అట్టల పద్ధతినే ఎంచుకొనెను. కంప్యూటరు పుట్టుకలో మగ్గమునకును పాలు కలదు.

ఈ లెక్క వేయక చెడిన సంఘము నొకదానిని మేమెరుగుదుము. పేరు చెప్పుట మా ఉద్దేశము కాదు. వారు కంపెనీవారిని పిలిచి, “మాకు అన్నియు కావలెను” అనిరి. చీరల అమ్మకము, నూలు లెక్క, అప్పుల లెక్క, సభ్యుల ఫోటోలు, పండుగ శుభాకాంక్షలు, అన్నియు. కాగితము మీద ఒక్క వరుసయు వ్రాసికొనలేదు. నడుమ కార్యవర్గము మారినది. కొత్తవారు కొత్త కోరికలు చెప్పిరి. ప్రతి కోరికకు కంపెనీవారు వేరు డబ్బు అడిగిరి. కడకు చేతికి వచ్చినదానిలో మాటలన్నియు ఇంగ్లీషు. ప్రతి మగ్గము వాడును రోజూ సాయంకాలము లెక్కలు తానే టైపు చేయవలెనట! పగలంతయు పలక తొక్కి వచ్చినవాడు ఆ పని చేయునా? ఏడాది తిరుగగానే సర్వరు అద్దె కట్టుమని బిల్లు వచ్చినది. ఆ అద్దె సంగతి ముందుగా ఎవరును తలచలేదు. యాప్ మూతపడినది. పాత ఎర్ర అట్ట పుస్తకమే మరల బయటికి వచ్చినది. ఇందులో తప్పు కంపెనీదే అనుటకు వీలులేదు. కావలసినదేమో అడిగినవారికే తెలియదు గదా.

ఇది చిన్నవారికే జరుగునని తలపవలదు. అమెరికా ప్రభుత్వము ఆరోగ్య బీమా కొరకు కోట్ల డాలర్లు వెచ్చించి హెల్త్‌కేర్ డాట్ గవ్ అను సైటును 2013 అక్టోబరు 1న తెరచినది. మొదటి రోజున అందులో చివరి వరకు పోయి బీమా పొందగలిగినవారు ఆరుగురు మాత్రమే. ఆ దేశపు లెక్కల తనిఖీ సంస్థ 2014లో ఇచ్చిన నివేదికలో, పని స్వరూపము సరిగా తేలకమునుపే పని అప్పగించుట, ముందస్తు ఏర్పాటు, పర్యవేక్షణ చాలకపోవుట ఇందుకు కారణములని తేల్చినది. సరిదిద్దుకొనుటకు వారికి ధనమున్నది. మనకు ఒక్క పడుగుకు మించి లేదు.

ఇక బాగుపడిన దారి ఎట్టిదో చూతము. తెలంగాణలో ఆలేరు దగ్గరి శారాజీపేట వాస్తవ్యులు చింతకింది మల్లేశంగారు మనవారందరు ఎరిగినవారే. పోచంపల్లి పద్ధతి చీరకు ఆసు పోయుటలో ఒక్క చీరకు సుమారు 9000 సార్లు చేయి అటునిటు ఆడింపవలెను. తల్లి లక్ష్మిగారు భుజము నొప్పితో పడు బాధను చూచి వారు 1992లో యంత్రము పని మొదలుపెట్టిరి. 1999లో అది పూర్తియైనది. నాలుగైదు గంటలు పట్టు ఆసు దాదాపు గంటన్నరలో ముగిసినది. 2017లో ప్రభుత్వము వారికి పద్మశ్రీ ఇచ్చినది. మనము గమనింపవలసినది ఇది: వారు మగ్గమును మార్చబూనలేదు. రంగుల అద్దకమును మార్చబూనలేదు. నొప్పి ఎక్కడ ఉన్నదో అక్కడనే, ఆసు ఒక్కదానికే, పని పెట్టుకొనిరి. అంత గిరి గీసికొన్నను ఏడేండ్లు పట్టినది. అన్నియు ఒకేసారి తలపెట్టియుండిన ఎన్నేండ్లు పట్టెడిదో!

కాబట్టి మన నొప్పి ఎక్కడ ఉన్నదో ముందు తేల్చుకొందము. మేము విచారించినంతలో మనవారికి తగవులు వచ్చునది లెక్క తేల్చు రోజున. ఇచ్చిన పట్టు తూకమెంత, తిరిగి వచ్చిన చీరలెన్ని, ముందు తీసికొన్న బాకీ పోను రావలసిన కూలి ఎంత? సంఘము పుస్తకములో ఒక అంకె, నేతగాని మనసులో ఒక అంకె. ఈ రెండు అంకెలు ఒకటి యగుటయే మొదటి విడత పనిగా పెట్టుకొన్న చాలును. తక్కినవి తరువాత చూడవచ్చును. ఆ తక్కినవానిలో కొన్ని ఇదివరకే ఉన్నవి. నూలు ఆర్డరు కొరకు ఈ-ధాగా అను యాప్‌ను కేంద్ర ప్రభుత్వము 2016లో తెచ్చినది. అమ్మకమునకు ఇండియా హ్యాండ్‌మేడ్ అను ప్రభుత్వ అంగడి కలదు. డిజైను గీయుటకు డిజిబునాయి అను సాఫ్ట్‌వేరు కలదు. ఉన్నదానిని మరల చేయించుట డబ్బు దండుగ. శిడ్లఘట్ట గూళ్ళ ధర కూడ యాప్‌లో కనబడవలెనని ఒకరు అడిగిరి. గూళ్ళ ధర రీలరుకు కావలెను. మనకు కావలసినది దారపు ధర. అట్టివానిని “ఇప్పుడు వద్దు” అను పట్టీలో వ్రాసి ఉంచవలెను. ఈ “వద్దు” పట్టీ “కావలెను” పట్టీ అంత ముఖ్యము.

కాగితము మీదికి రావలసిన ప్రశ్నలు ఇవి:

1. అంకెలు ఎవరు ఎక్కింతురు? తూకము వేయు గుమాస్తా అక్కడికక్కడ ఎక్కించి, నేతగాడు చూచి సరియనుట మేలని మా అభిప్రాయము.

2. ఎవరి లెక్క ఎవరికి కనబడును? ఒక ఇంటి బాకీ పక్కింటికి తెలియరాదు.

3. ఏ లిపి? ఇది మన ప్రాంతపు ప్రత్యేకమైన చిక్కు. మన ఇంటి మాట తెలుగు. పిల్లల బడి కన్నడము. తాతగారు తెలుగు చదువుదురు, మనుమడు కన్నడము చదువును, నడుమ కొందరు ఏదియు చదువరు. కనుక రెండు లిపులు, పెద్ద అంకెలు, తెలుగులో పలుకు గొంతు ఉండవలెను. ఇది ముందే చెప్పక తరువాత చెప్పిన వేరు ఖర్చు.

4. సిగ్నలు లేనిచోట పని సాగునా?

5. ఏటేటా అద్దెకు, మరమ్మతుకు అగు ఖర్చు ఏ పద్దు నుండి వచ్చును?

6. కంపెనీ మారిన యెడల లెక్కలు, తాళపు మాటలు, ప్రోగ్రాము ఎవరివి? సంఘమువేనని ఒప్పందములో వ్రాయింపవలెను.

ఇవి తేలిన పిమ్మట ఇంకొక పని. ఫోనంత కాగితపు ముక్కల మీద తెరలను పెన్సిలుతో గీసి, “అవ్వా, నీ కూలి ఎంతో ఇందులో చూపు” అని ఇంటిలోని పెద్దదానిని అడుగవలెను. ఆమె వేలు తప్పుచోట పడిన తప్పు ఆమెది కాదు, గీతది. చెరిపి మరల గీయవలెను. ఇట్లు పది ఇండ్లలో చూచిన తరువాత కంపెనీవారిని పిలువుడు. డబ్బు ఒకేసారి ఇయ్యక, పని విడతలుగా చూచి విడతలుగా ఇయ్యవలెను. మొదట కొన్ని మగ్గములకే పెట్టి, ఒక లెక్క తేలు వరకు ఎర్ర అట్ట పుస్తకమును కూడ నడుపవలెను. రెండును సరిపోయిన నాడు పుస్తకమును అటక ఎక్కింపవచ్చును.

ఈ పనికి ఒక నెల, రెండు నెలలు పట్టవచ్చును. యువకులు ఆలస్యమని విసుగుకొనరాదు. పెద్దలు ఇది మనకేల అని తప్పుకొనరాదు. పోగులు లెక్కించు చేయి పెద్దలది, ఫోను తెలిసిన కన్ను పిల్లలది. రెండును ఒక్క కాగితము ముందు కూర్చుండవలెను. ఈసారి సంఘపు సమావేశమునకు ప్రతి కుటుంబమును తమకు కావలసిన పని ఒకటి, వద్దనుకొన్న పని ఒకటి వ్రాసి తేవలెనని కోరుచున్నాము. వ్రాయలేనివారు నోట చెప్పిన మేమే వ్రాసికొందుము.