నల్ల కేకు మీద రంగు బొమ్మలు నిలబెట్టడం ఎలా?



వచ్చే నెలలో పదో తరగతి అక్కలకి వీడ్కోలు. ఈసారి చాక్లెట్ కేకు పెట్టి, ఒక్కో అక్క ముక్క మీద ఒక్కో బొమ్మ ఉండాలని అనుకున్నాం గదా. అక్కలు 32 మంది. వార్డెన్ మేడమ్ ఒప్పుకున్నారు గాని ఒక షరతు పెట్టారు. అక్కలు ఎలాగూ చిన్నపిల్లలకి పెట్టకుండా తినరు, కాబట్టి బొమ్మలో ఏమేం కలుస్తాయో ముందే రాసి చూపించమన్నారు. అందుకే ఈ వ్యాసం. మా చిన్నమావయ్య విశాఖపట్నంలో ఒక బేకరీలో పని చేస్తాడు. రెండు వేసవి సెలవుల్లో ఆయన పక్కన నిలబడి నేర్చుకున్నదే రాస్తున్నాను.

కుంచె తీసుకుని కేకు మీదే బొమ్మ వేసేయొచ్చు గదా అని చాలామంది అడుగుతున్నారు. వెయ్యలేం. తిండి రంగులు చాలావరకు పల్చని గాజులాంటివి. కింద తెలుపు ఉంటేనే వాటి రంగు మన కంటికి తెలుస్తుంది. నల్ల పలక మీద వాటర్ కలర్ వేసి చూడండి, తడి తప్ప ఏమీ కనబడదు. అదీగాక కేకు పైపూతలో వెన్నో మీగడో ఉంటుంది. నీళ్ళ రంగు దాని మీద తామరాకు మీద బొట్టులాగ జారుతుంది. అందుకని బొమ్మని విడిగా తెల్లటి చక్కెర రేకు మీద వేసి, ఆరబెట్టి, తరవాత కేకు మీద పెడతారు.

ఆ రేకు అంటే మెత్తగా పొడి కొట్టిన చక్కెరతో చేసిన ముద్ద. ఉత్త చక్కెర ముద్ద అయితే గట్టిపడదు, వంగిపోతుంది. పావుకిలో ముద్దకి ఒక టీస్పూను జిగురు పొడి కలిపితే ఎండాక బిస్కెట్టులాగ నిలబడుతుంది. పాతకాలం నుంచీ దీనికి ట్రాగకాంత్ అనే జిగురు వాడేవారు, అది ఇరాన్ వైపు ముళ్ళ పొదల నుంచి వస్తుంది. ఇప్పుడు బేకరీల్లో సి.ఎం.సి. అనే పొడి దొరుకుతుంది. ఒక సంగతి వింటే మీకు సంతోషం కలుగుతుంది. ట్రాగకాంత్‌కి బదులుగా లోకమంతా వాడే జిగురుల్లో మన తపసి బంక ఒకటి! మన పెద్దవాళ్ళు కొండ మీద ఏరి జి.సి.సి.కి అమ్మేది అదే. చెట్టుకి గాట్లు ఎక్కువ పెడితే చెట్టే చచ్చిపోతుంది, అది వేరే వ్యాసంలో రాయాలి.

ముద్దని రెండు మిల్లీమీటర్ల మందాన ఒత్తి, నాలుగు సెంటీమీటర్ల చదరాలుగా కోసి, రెండు రోజులు ఆరబెట్టాలి. మధ్యలో తిరగెయ్యాలి, లేకపోతే అంచులు పైకి లేస్తాయి. మన దగ్గర రాత్రి మంచు కదా, కిటికీ దగ్గర పెట్టొద్దు. 32 కావాలంటే 40 చెయ్యాలి. విరగడం ఖాయం, ఏ అక్కకీ బొమ్మ లేకుండా పోకూడదు.

బొమ్మ గీతల్ని పెన్సిలుతో గాని బాల్ పెన్నుతో గాని గియ్యొద్దు, సూదితో సన్నగా చుక్కలు పెట్టుకోండి. కుంచె కొత్తదే కావాలి, డ్రాయింగ్ క్లాసులోది వద్దు. నీళ్ళు చక్కెరని కరిగిస్తాయి కాబట్టి బేకరీవాళ్ళు పొడి రంగుని రెండు చుక్కల వోడ్కాతో కలుపుతారు, అది వెంటనే ఆవిరైపోతుంది. మన హాస్టల్లో ఆ మాటే ఎత్తలేం! కుంచెని ఒక్క చుక్క నీళ్ళలో ముంచి, గుడ్డకి అద్ది, దాదాపు పొడిగా వెయ్యాలి. ఒక రంగు ఆరాకే పక్క రంగు. తెలుపు కావలసిన చోట ఏమీ వెయ్యకుండా వదిలేస్తే చాలు. తెల్ల రంగుగా వాడే టైటానియం డయాక్సైడుని యూరోపియన్ యూనియన్ 2022లో తిండిలో నిషేధించింది, మనకి దాని అవసరమే లేదు.

మేడమ్ అడిగిన అసలు సంగతి రంగులు. సంతలో పొట్లం కట్టి అమ్మే రంగు ఎంత చవకైనా కొనొద్దు. 2024 ఫిబ్రవరిలో తమిళనాడులో పీచుమిఠాయి అమ్మకం ఆపేశారు. దాంట్లో రోడమిన్-బి అనే బట్టల రంగు దొరికింది. సీసా మీద తిండి రంగు అని, లైసెన్సు నంబరుతో సహా ఉండాలి. బంగారు పొడి డబ్బా మీద "విషం కాదు" అని మాత్రమే ఉంటే అది తినమని చెప్పినట్టు కాదు. ఎరుపు పసుపు కలిసిన రంగుకి మన జాఫరా గింజలు చాలు. గింజల్ని గోరువెచ్చని నూనెలో వేస్తే రంగు దిగుతుంది. ఇది నూనె రంగు, కాబట్టి కరిగించిన తెల్ల చాక్లెట్టులో కలుస్తుంది. నీళ్ళ రంగు పోస్తే చాక్లెట్టు గడ్డకట్టి పాడవుతుంది.

ఇక కేకు మీద పెట్టడం. చాక్లెట్టూ మీగడా సమానంగా తూచి కరిగించి పోసిన పూత చల్లారి, వేలికి అంటకుండా ఉండాలి. మెత్తగా ఉన్నప్పుడు పెడితే రేకు మునుగుతుంది, కింద నుంచి తడి పీల్చుకుని గోధుమ మచ్చలు పైకి తేలతాయి. దీనికి విరుగుడు, రేకు వెనక వైపు కరిగిన తెల్ల చాక్లెట్టు సన్నగా పూసి ఆరనివ్వడం. ఆ కొవ్వు తడిని అడ్డుకుంటుంది. తరవాత వెనక చాక్లెట్టు చుక్క ఒకటి పెట్టి, పల్చటి చాకుతో ఎత్తి, నేరుగా దించాలి. పెట్టాక జరపకూడదు. జరిపితే నల్లపూత మీద చార పడుతుంది, తెల్ల అంచుకి మసి అంటుతుంది. రేకు మీది పిండిని ముందే దులపాలి, నలుపు మీద ప్రతి రవ్వా కనబడుతుంది.

కేకుని ముందే ఐదేసి సెంటీమీటర్ల గళ్ళుగా, నాలుగు ఎనిముదులు 32గా గీసి, గడి మధ్యలో బొమ్మ పెడితే చాకు బొమ్మ మీదుగా పోదు. బొమ్మలు పెట్టిన కేకుని ఫ్రిజ్‌లో పెట్టొద్దు. బయటికి తీసినప్పుడు చల్లటి చెంబుకి పట్టినట్టే దానికీ నీళ్ళు పడతాయి, రంగులు కారతాయి. కిందటేడు బయట కొన్న కేకు మీద పేర్లు కారిపోయి ఎవరి పేరు ఎవరిదో తెలియలేదు, గుర్తుంది గదా. అందుకని సభకి గంట ముందే పెడదాం.

ఏ బొమ్మలు వెయ్యాలి? ఎర్రమట్టి గోడ మీద తెల్లపిండితో సవరలు వేసే బొమ్మలు నల్ల కేకుకి బాగా నప్పుతాయని కొందరన్నారు. నాకు ఇష్టం లేదు. అవి దేవతల కోసం వేసేవి, చాకుతో కోసే దాని మీద బాగుండవు. ఇప్పపువ్వు, అడ్డాకు, నెమలి, గెడ్డ, సొరకాయ బుర్ర... ఇలాంటివి వేద్దాం.

ఒక్కొక్కరు ఒక అక్కని ఎంచుకుని, ఆమె ఊరి గుర్తు ఏదో అడిగి, నాలుగు సెంటీమీటర్ల చదరంలో కాగితం మీద గీసి శనివారం లోపల నాకు ఇవ్వండి. మూడు రంగులకి మించొద్దు.