అట్టపెట్టె బలం పనివాని చేతిలో: శిక్షణ లోపిస్తే నష్టం వర్తకునికే

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కేంద్రాలలో వ్యాపారం తరతరాలుగా బస్తా మీద నడిచినది. సాగర్ ఎడమ కాలువ కింద పండే ధాన్యం, మిర్యాలగూడ మిల్లులలో తయారయ్యే బియ్యం నేటికీ గోనెలలోనూ, ప్లాస్టిక్ సంచులలోనూ కదులుతాయి. కాని కిరాణాకు వచ్చే నూనె ప్యాకెట్లు, సబ్బులు, బిస్కట్లు, మందులు, దూరపు మార్కెట్లకు పోయే మామిడి వంటి సరుకులకు అట్టపెట్టె తప్పనిసరి అయింది. గోనెను చేత్తో పట్టి నాణ్యత చెప్పగల వర్తకుడు కూడా అట్టపెట్టె దగ్గరకు వచ్చేసరికి రంగు, ధర చూసి ఆర్డరు ఇస్తుంటాడు. పెట్టె బలం కాగితం మీద కొంత, దానిని తయారుచేసే పనివాని నేర్పు మీద కొంత ఆధారపడి ఉంటుంది.

పెట్టె లెక్క

మూడు పొరల అట్టలో రెండు చదును కాగితాలు, వాటి మధ్య ఒక ముడత కాగితం ఉంటాయి. అయిదు పొరల అట్టలో చదునువి మూడు, ముడతవి రెండు. క్రాఫ్ట్ కాగితాన్ని రెండు కొలతలతో కొంటారు. చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు తూగుతుందో తెలిపేది జి.ఎస్.ఎం. ఒత్తిడికి పగలకుండా ఎంతవరకు ఆగుతుందో తెలిపేది బి.ఎఫ్. ఈ రెండింటినీ హెచ్చించి 1000తో భాగిస్తే ఆ కాగితం బలం చదరపు సెంటీమీటరుకు కిలోలలో వస్తుంది. ముడత పొరలకు ఇందులో సగమే లెక్కకట్టడం వాడుక.

అన్ని పొరలకూ 120 జి.ఎస్.ఎం., 18 బి.ఎఫ్. కాగితం వాడితే ఒక్కొక్క పొర బలం 2.16. మూడు చదును పొరలకు 6.48, రెండు ముడతలకు సగం చొప్పున 2.16, మొత్తం 8.64 కిలోలు. అదే పెట్టెను 100 జి.ఎస్.ఎం., 16 బి.ఎఫ్. కాగితంతో చేస్తే మొత్తం 6.40 మాత్రమే. తూకంలో తగ్గేది ఇంచుమించు ఆరో వంతు, బలంలో తగ్గేది నాలుగో వంతు. పైకి రెండు పెట్టెలూ ఒకే తీరుగా కనిపిస్తాయి.

పని ఎక్కడ చెడుతుంది

మంచి కాగితం వాడినంత మాత్రాన మంచి పెట్టె రాదు. స్టార్చి, కాస్టిక్ సోడా, బోరాక్సు పాళ్లు కుదరక గంజి పలచబడితే పొరలు విడిపోతాయి. ఎక్కువ పూస్తే అట్ట తడిసి వంకర తిరుగుతుంది. అతికిన షీట్లు సరిగా ఆరకముందే గీత కొట్టి కుట్టితే పెట్టె మెత్తబడుతుంది. ముడతలు పెట్టెలో నిలువుగా నిలబడాలి. షీటు అడ్డంగా కోస్తే పై పెట్టెల బరువును అది మోయలేదు. గీత లోతైతే మూల చిట్లుతుంది, తేలికైతే మడత వంకరపోతుంది. రోలర్ల మధ్య చెయ్యి పడితే వేళ్లు పోయే ప్రమాదమూ ఉన్నది. కనుక యంత్రం ఆపకుండా కాగితం సర్దరాదన్నది పనివానికి మొదటి రోజే నేర్పవలసిన పాఠం.

శిక్షణ మార్గాలు

1966లో బొంబాయి కేంద్రంగా ఏర్పడిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్‌కు హైదరాబాదులోనూ శాఖ ఉన్నది. అయితే దాని ప్రధాన కోర్సు పట్టభద్రులకు ఉద్దేశించిన డిప్లమా. యంత్రం దగ్గర నిలబడే పనివాడు సాధారణంగా పెద్ద పనివాని పక్కన నిలిచే నేర్చుకుంటాడు. పెద్ద పనివానికి తెలిసిన తప్పులు కూడా అతనికి సంక్రమిస్తాయి.

ఇందుకు 1961 అప్రెంటిస్ చట్టం ఒక దారి చూపుతున్నది. 30 మంది, అంతకు మించి పనివారున్న సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. నలుగురు మొదలు 29 మంది వరకు ఉన్న చిన్న యూనిట్లు ఇష్టమైతే తీసుకోవచ్చును. 2016లో వచ్చిన కేంద్ర పథకం కింద స్టైపెండులో 25 శాతం, నెలకు 1500 రూపాయలకు మించకుండా, ప్రభుత్వం భరిస్తుంది. గంజి కలపడం, తడి కొలవడం, పగులు బలం పరీక్షించడం, యంత్ర భద్రత ఈ నాలుగూ నేర్పితే చిన్న యూనిట్లకు చాలావరకు సరిపోతుంది.

వృథా అయ్యే కాగితం

2025 సెప్టెంబరు 22 నుండి అట్టపెట్టెలపై జి.ఎస్.టి. 12 నుండి 5 శాతానికి తగ్గింది. క్రాఫ్ట్ కాగితంపై మాత్రం 12 నుండి 18 శాతానికి పెరిగింది. తయారీదారు కాగితం మీద ఎక్కువ పన్ను కట్టి, పెట్టె మీద తక్కువ వసూలు చేస్తున్నందున, తేడా వాపసు వచ్చేవరకు పెట్టుబడి నిలిచిపోతుంది. ఈ స్థితిలో నేర్పులేని చేతుల్లో చెడిపోయే ప్రతి షీటు మరింత భారం. ఆ భారం చివరకు ధరలోనైనా, నాసి కాగితంలోనైనా కొనుగోలుదారునికే చేరుతుంది.

హమాలీలకూ చెప్పాలి

గోనెకు అలవాటైన హమాలీ చేతిలో కొక్కెం ఉంటుంది. అట్టపెట్టెకు కొక్కెం తగలరాదు. బస్తాలు కదలకుండా అడ్డదిడ్డంగా అట్టి కట్టడం గోదాములలో అలవాటు. అట్టపెట్టె బరువును ప్రధానంగా దాని నాలుగు మూలలే మోస్తాయి కనుక మూల మీద మూల వచ్చేలా పేర్చాలి. అడ్డంగా పేరిస్తే మోసే శక్తి సగం వరకు తగ్గుతుంది. వానాకాలపు తేమ గాలిలోనూ అంతటి నష్టమే సంభవించవచ్చును. అందుచేత పెట్టెలను నేలకు తాకకుండా చెక్క పలకలపై నిలపడం క్షేమం.

ఆర్డరు ఇచ్చేటప్పుడు పొరల సంఖ్య, జి.ఎస్.ఎం., బి.ఎఫ్., ఖాళీ పెట్టె తూకం కాగితం మీద రాయించుకోవాలి. సరుకు రాగానే పది పెట్టెలు తూచితే కాగితం మందంలో మోసం బయటపడుతుంది. బి.ఎఫ్. తగ్గితే మాత్రం తూకంలో తెలియదు, పగులు పరీక్ష ఒక్కటే చెబుతుంది. ఆ యంత్రమూ, దానిని నడపగల శిక్షితుడూ ఉన్న యూనిట్‌కు పెట్టెకు కొద్ది పైసలు ఎక్కువ ఇచ్చినా, దారిలో నలిగిపోయే సరుకుతో పోల్చితే అది చవక బేరమే.