ధాన్యము నిల్వ: తగిన పాత్రల ఎంపిక

పంటను నూర్చి ఇల్లు చేర్చుటతో రైతు శ్రమ ముగియదు. కళ్ళము నుండి వచ్చిన గింజలు మరుసటి పంట వరకు చెడకుండ నిలిచినప్పుడే కుటుంబమునకు తిండియు, పొలమునకు విత్తనమును సమకూరును. తేమ, బూజు, పురుగు, ఎలుక - ఈ నాలుగును ధాన్యమునకు శత్రువులు. వీని నుండి కాపాడుటకు ఏ పాత్ర ఎంతవరకు ఉపకరించునో పంచాయతీ సభ్యులు గ్రామస్థులకు తెలుపుటకు వీలుగా ఇచ్చట వివరించుచున్నాము.

ముందు ఎండ, పిమ్మట పాత్ర

పాత్ర ఎంత మంచిదైనను తడి గింజను బాగుచేయజాలదు. తేమ 14 శాతమును మించిన ధాన్యమునకు బూజు పట్టును. సంవత్సరము పొడవున నిల్వ చేయదలచినచో తేమ 12 శాతమునకు మించకుండుట మేలు. కొనుగోలు కేంద్రములలో వరి ధాన్యమును 17 శాతము తేమ వరకు స్వీకరించుచున్నారు. అది అమ్మకమునకు పెట్టిన హద్దే కాని, ఇంట నిల్వకు పెట్టిన హద్దు కాదు. ఈ భేదమును రైతులు తప్పక గ్రహింపవలెను. పంటితో కొరికినప్పుడు గింజ మెత్తగా నణగక పటుక్కున విరిగినచో ఎండినదని పెద్దలు గుర్తింతురు. అయినను తేమ కొలుచు యంత్రముతో చూచుకొనుట మేలైన మార్గము. ఎండిన గింజలు చల్లారిన పిమ్మటనే పాత్రలో పోయవలెను.

గాదెలు, బస్తాలు

వెదురుతో అల్లి, మన్నును పేడను కలిపి మెత్తిన గాదెలో ధాన్యమునకు కొంత గాలి తగులును. కాని వానకాలమున ఆ దారినే తేమయు, పగుళ్ల నుండి పురుగులును ప్రవేశించును. కావున ప్రతి ఏడు కొత్త పంట పోయుటకు ముందు పాత గింజలను, దుమ్మును పూర్తిగా ఊడ్చి, పగుళ్లు పూడ్చి అలుకవలెను. గాదెను కాళ్లపై ఎత్తుగా నిలిపి, ప్రతి కాలికిని రేకు గరాటును బోర్లించి బిగించినచో ఎలుకలు ఎక్కజాలవు. బస్తాలను నేలపై గాక చెక్కలపై, గోడకు దూరముగా పేర్చవలెను. గింజలలో చేయి పెట్టినప్పుడు వేడిమి తగిలినచో ఆలస్యము చేయక మరల ఎండబెట్టవలెను.

రేకు గాదెలు

ఉత్తర ప్రదేశములోని హాపూరు నందలి ధాన్య నిల్వ పరిశోధనా సంస్థ రేకు గాదెలను రూపొందించినది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ, రెండు ఇటుక గోడల నడుమ పాలిథీన్ పొరను ఇమిడ్చి కట్టు పూసా గాదెను రూపొందించినది. వీనిలోనికి ఎలుకయు, బయటి తేమయు చొరజాలవు. కాని తడి గింజలను పోసి మూసినచో లోపలి తేమ బయటికి పోజాలక ధాన్యము ముక్కిపోవును. రేకు గాదెను ఎండ తగులని చోట నుంచవలెను. పురుగుమందులుండిన డబ్బాలను ఎంత కడిగినను తిండిగింజలకు వాడరాదు.

కందులు, పెసలు మొదలగు వానికి పుచ్చు పట్టించు పెంకు పురుగు పొలములోనే కాయలపై గ్రుడ్లు పెట్టును. కావున వీనిని బాగుగా ఎండబెట్టి, మూత బిగువుగా నుండు కాగులలో పోయవలెను.

పాతరలు - ప్రాణాపాయము

రాయలసీమలోను, తెలంగాణములోను జొన్నలను పాతరలలో నిల్వ చేయు వాడుక పూర్వము నుండి కలదు. మూసిన పాతరలో గింజల శ్వాస వలన ప్రాణవాయువు తరిగి బొగ్గుపులుసు వాయువు పెరుగును. పురుగులను చంపు ఆ గాలియే మనుష్యునికిని ప్రాణాంతకము. కావున పాతర తెరచిన వెంటనే ఎవ్వరును దిగరాదు. చాలసేపు తెరచి యుంచి గాలి ఆడనీయవలెను. దింపిన దీపము ఆరినచో దిగరాదు. ఆరనంత మాత్రమున అపాయము లేదని నమ్మరాదు. దిగువాడు నడుమునకు త్రాడు కట్టుకొనవలెను. పైన ఇద్దరు దానిని పట్టుకొని యుండవలెను. లోపల ఒకడు సొమ్మసిల్లినచో వానిని త్రాటితో పైకి లాగవలెనే కాని, మరియొకడు దుమికి తన ప్రాణమును కూడ పోగొట్టుకొనరాదు.

సభ్యుల కర్తవ్యము

కోతలకు ముందుగనే గ్రామసభలో ఈ సంగతులను చర్చింపవలెను. ఇంటింట నిల్వను కనిపెట్టి యుండువారు స్త్రీలు గనుక మహిళా సంఘముల వారిని తప్పక ఆహ్వానింపవలెను. వ్యవసాయ శాఖ వారి తోడ్పాటుతో తేమను పరీక్షించు ఏర్పాటు చేయవలెను. ఊరిలో పాతరలు ఎచ్చటెచ్చట గలవో తెలిసికొని, వాని యజమానులను ముందుగా హెచ్చరింపవలెను. పండించిన గింజ చెడకుండ నిలుచుటయు, దానిని తీయుటకు దిగిన మనుష్యుడు క్షేమముగా పైకి వచ్చుటయు గ్రామమునకు సమానముగా ముఖ్యములు.